మైకు కొనేముందు దాని మీది అంకె చదవండి

ప్రశ్న: మా నాటక సమాజానికి నాలుగు వైర్‌లెస్ మైకులున్నాయి. గుర్తుంచుకోవడం తేలికని 566, 567, 568, 569 మెగాహెర్ట్జ్ అని వరసగా పెట్టుకున్నాం. రెండు ఆన్ చేస్తే చక్కగా పలుకుతాయి. నాలుగూ పెడితే గరగర, మధ్యమధ్య మాట తెగిపోవడం. కొత్తగా ఇంకో రెండు కావాలి. అమెరికాలో ఉన్న మిత్రుడొకరు అక్కడ వాడిన మంచి కంపెనీ సెట్టు పంపిస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: మీ మైకుల్లో లోపం ఉందని నేననుకోను. చిక్కంతా ఆ వరసలోనే ఉంది. రెండు ట్రాన్స్‌మిటర్లు దగ్గరదగ్గరగా పనిచేస్తున్నప్పుడు వాటి సిగ్నళ్లు ఒకదాని సర్క్యూట్లోకి ఒకటి చొరబడి, మీరెవరూ పెట్టని కొత్త ఫ్రీక్వెన్సీలను పుట్టిస్తాయి. దీన్ని ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు. లెక్క కాగితం మీద వేసుకోవచ్చు: ఒకదాన్ని రెట్టింపు చేసి రెండోదాన్ని తీసేయండి. 567ను రెట్టింపు చేసి 566 తీసేస్తే 568 వస్తుంది. అంటే మొదటి రెండు మైకులూ కలిసి మూడోదాని నెత్తిన కూర్చుంటున్నాయి. 568ని రెట్టింపు చేసి 567 తీసేస్తే 569, అంటే నాలుగోదీ పోయింది. రెండే ఆన్ చేసినప్పుడు ఆ పుట్టినవి ఖాళీ జాగాలో పడ్డాయి కాబట్టి మీకు వినబడలేదు.

సమాన దూరాలు వదిలేయండి. ఏ రెండు మైకుల మధ్య తేడా అయినా ఇంకో జంట మధ్య తేడాతో సరిపోలకూడదు. 566, 567, 570, 572 పెట్టి చూడండి. తేడాలు 1, 2, 3, 4, 5, 6 వస్తాయి, ఏదీ రెండుసార్లు రాదు. పైన చెప్పిన లెక్క ఎటు తిప్పి వేసినా ఫలితం మీ నాలుగు అంకెల మీద పడదు. అయితే ఆ మేరలో మీ ఊళ్లో టీవీ ప్రసారం లేకుండా ఉండాలి. మైకులన్నీ ఆపేసి, రిసీవర్లు మాత్రమే ఆన్ చేసి, ఆ ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ లైట్లు వెలుగుతున్నాయేమో ముందే చూసుకోండి. మైకులు ఆరైతే చేతిలెక్క కష్టం. ఒకే కంపెనీ, ఒకే మోడల్ తీసుకుని, అందులో ముందే అమర్చి ఉండే ఫ్రీక్వెన్సీ గ్రూపుల్లో ఏదో ఒకదాంట్లోనే అన్నిటికీ వేర్వేరు ఛానళ్లు ఇవ్వండి. ఆ గ్రూపులు కంపెనీ వాళ్లు ఈ లెక్క వేసే తయారుచేస్తారు.

ఇక అమెరికా సెట్టు. ఒప్పుకునే ముందు ట్రాన్స్‌మిటర్ లేబుల్ ఫొటో పంపమనండి. కంపెనీ పేరు తరవాత, ముందు దాని మీది మెగాహెర్ట్జ్ అంకె చదవండి. నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే. అమెరికాలో 698 నుంచి 806 వరకు వైర్‌లెస్ మైకుల వాడకాన్ని 2010 జూన్‌లో నిషేధించారు. 616–653, 663–698 భాగాలు మొబైల్ కంపెనీలకు వెళ్లడంతో 2020 జులైలో అవీ మూసేశారు. అక్కడ వాడకూడనివయ్యాయి కాబట్టే అలాంటి సెట్లు ఎందరి అలమారాల్లోనో పడి ఉన్నాయి. చాలా దేశాల్లో 700 ప్రాంతం ఇప్పుడు సెల్ టవర్లదే. మైకు పాడవకపోయినా ఆ చోటు ఇక మనది కాదు.

అక్కడ చట్టబద్ధమైనదే ఇక్కడ తప్పు కావడం కూడా ఉంది. 902–928 అమెరికాలో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. అదే మైకును యూరప్‌లోనో భారత్‌లోనో ఆన్ చేస్తే, 915 దాకా ఉన్న భాగం సెల్‌ఫోన్లు టవర్‌తో మాట్లాడే బ్యాండులో, అంటే ఫ్రీక్వెన్సీల మేరలో, పడుతుంది. యూరప్‌లో 863–865, భారత్‌లో 865–868 తక్కువ పవర్ పరికరాలకు లైసెన్సు లేకుండా వదిలారు. భారత్‌లోకి తెచ్చే వైర్‌లెస్ పరికరానికి డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ అనుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) ఆమోదం ఉందో లేదో కూడా చూడాలి. టీవీ బ్యాండులో మైకులకు అనుమతి ఉన్న చోట కూడా మనం సాధారణంగా రెండో వరసవాళ్లమే. ప్రసారాలకు అడ్డు రాకూడదు, వాటివల్ల మనకు అడ్డొస్తే ఓర్చుకోవాలి. లైసెన్సు అక్కర్లేదన్నారు కదా అని పవర్ ఎంతైనా పెట్టొచ్చని కాదు. అమెరికాలో లైసెన్సు లేకుండా టీవీ బ్యాండులో వాడే మైకుకు పరిమితి 50 మిల్లీవాట్లు. నాటకశాలకు అది ధారాళంగా సరిపోతుంది. పవర్ పెంచితే ఇంటర్‌మాడ్యులేషన్ కూడా పెరుగుతుంది. అందుకే ఎక్కువ మైకులున్నప్పుడు నేను పవర్ తగ్గించే పెడతాను.

కాబట్టి మిత్రుడి సెట్టు అంకె మీ దేశపు నిబంధనలకు లోబడి ఉంటే నిశ్చింతగా తీసుకోండి. లేకపోతే ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఇంకొక్కటి. చేతిమైకుల్లో చాలావాటికి యాంటెన్నా అడుగు భాగంలో ఉంటుంది. మీ నటులు కిందికంటా పట్టుకుని అడుగును అరచేత్తో మూస్తున్నారేమో గమనించండి. రిసీవర్‌ను ఇనప బీరువాలో పెట్టకండి. దాని రెండు యాంటెన్నాలనూ వి ఆకారంలో విడదీసి, వేదిక కనబడే ఎత్తులో ఉంచండి.

ప్రశ్న: ఉపన్యాసాలు రికార్డు చేయడానికి కాలర్‌కు తగిలించే 2.4 గిగాహెర్ట్జ్ మైకు కొన్నాను. ఖాళీ హాల్లో బాగుంది. జనం వచ్చాక మాట తెగుతోంది. ఎందుకు?

జవాబు: మీరు ఎంచుకున్న బ్యాండు దాదాపు అన్ని దేశాల్లోనూ లైసెన్సు అక్కర్లేనిది. వైఫై, బ్లూటూత్ కూడా అందులోనే ఉంటాయి కనక జనంతోపాటు వాళ్ల ఫోన్లూ వచ్చాయి. పైగా ఈ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే, మనిషి ఒళ్లు దాన్ని తేలిగ్గా ఆపేస్తుంది. రిసీవర్‌ను తలల కంటే ఎత్తులో, వక్త ఛాతీకి ఎదురుగా, వీలైనంత దగ్గరగా పెట్టండి. హాలు రౌటర్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చమని అడగండి. మైకులోనే రికార్డు చేసుకునే సౌకర్యం ఉంటే అది తప్పక ఆన్ చేయండి. గాలిలో తెగిన మాట అందులో భద్రంగా ఉంటుంది.