163 రూపాయలు ఎక్కువైతే ఖాతా మైనస్‌లోకి!

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కల కోసం జావా ప్రోగ్రామింగ్ భాషలో చిన్న యాప్ రాశాను. దశాంశాల గొడవ ఉండకూడదని డబ్బంతా పైసల్లోనే పెట్టాను. మొన్నటిదాకా నిల్వ 2,14,20,000 రూపాయలు. కార్పస్ ఫండ్ కింద ఇంకో 55,000 జమ చేయగానే మైనస్ 2,14,74,672.96 అని చూపిస్తోంది. కమిటీ మీటింగ్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. వైరస్ ఏమైనానా?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: వైరస్ కాదండీ, లెక్క కూడా ఎక్కడికీ పోలేదు. మీరు నిల్వను ‘ఇంట్’లో, అంటే జావాలో పూర్ణాంకాలు దాచుకునే ఒక రకం గడిలో పెట్టారు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. పైసలనుకుంటే 2 కోట్ల 14 లక్షల 74 వేల 836 రూపాయల 47 పైసలు. మీరు దాన్ని 163 రూపాయల 53 పైసలు దాటారు.

ఇంట్‌లో 32 బిట్లు, అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే 32 స్థానాలు ఉంటాయి. మొదటిది ప్లస్సా మైనస్సా చెప్పడానికి. మిగతా 31 బిట్లలో అన్నీ ఒకట్లే ఉంటే వచ్చేది ఈ సంఖ్య. ఇంకొక్కటి కలిపితే, పాత స్కూటర్ మీటర్లో 99999 తిరిగినట్టు, ఆ ఒకట్లన్నీ సున్నాలైపోయి మొదటి బిట్‌లో ఒకటి పడుతుంది. దాంతో లెక్క మైనస్ 2147483648 నుంచి మళ్లీ మొదలవుతుంది.

ఇంట్ బదులు ‘లాంగ్’ వాడండి, అది 64 బిట్ల పెద్ద గడి. డేటాబేస్‌లో ఆ కాలమ్ కూడా ఇంట్ అయితే బిగ్‌ఇంట్ (అక్కడి 64 బిట్ల రకం) చేయండి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు. ఇప్పటికే సేవ్ అయిన ఆ మైనస్ అంకెకు, పైసల్లో, 4294967296 కలపండి. మీ 2,14,75,000 తిరిగొస్తుంది.

అమీర్‌పేట కోచింగుల్లో ఇంట్ హద్దు 2147483647ను ఒక హద్దుగానే చెప్పి వదిలేస్తారు. నాకైతే దాని అసలు అందం వేరే చోట కనిపిస్తుంది. ఇది ప్రధాన సంఖ్య. ఆ సంగతి 1772లోనే గణిత శాస్త్రవేత్త ఆయిలర్ నిరూపించాడు, అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే దీని వర్గమూలం దాకా, అంటే 46,340 లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి, అవి వేలల్లో ఉంటాయి. ఆయన ముందే జల్లెడ పట్టాడు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్యంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. అలాంటి సంఖ్యలు 370 పైచిలుకే. వాటిలో ఒక్కటీ భాగించలేదు. లాంగ్ హద్దు 9223372036854775807కి ఈ గుణం లేదు. 7తో భాగించండి, శేషం రాదు.

ప్రశ్న: 2038లో ఫోన్లు ఆగిపోతాయంటున్నారు, నిజమేనా?
– ఓ పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అదీ పైన చెప్పిన 2147483647 సంగతేనమ్మా. చాలా సిస్టమ్‌లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టి తేదీ చెబుతాయి. 32 బిట్లలో లెక్కపెట్టేవాటికి ఆ హద్దు 2038 జనవరి 19న, మన టైమ్ ప్రకారం ఉదయం 8:44:07కి వస్తుంది. మరుసటి సెకనులో తేదీ 1901 డిసెంబర్‌కి వెళ్లిపోవచ్చు. ఇప్పటి 64 బిట్ ఫోన్లు అంతకంటే చాలా పెద్ద లెక్క పెట్టగలవు, బెంగ వద్దు. ఇంట్లో పాత సీసీటీవీ డీవీఆర్ (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) ఉంటే మాత్రం, రికార్డింగులు వేరేచోట కాపీ చేసుకుని, తేదీని 2038 ఫిబ్రవరికి మార్చి ఒకసారి చూడండి.