ఏటా పంట మారుస్తున్నా నేల ఎందుకు గట్టిపడుతోంది?

మొక్కజొన్న, పెసర మార్చి మార్చి వేస్తున్నా, ప్రతి పంటకూ రోటావేటర్ (ట్రాక్టరుకు తగిలించే, తిరిగే బ్లేడ్లతో మట్టిని పిండిచేసే పనిముట్టు) తిప్పుతున్నా, అయినా వానకు నీళ్ళు నిలుస్తున్నాయి, ఇక పంట మార్పిడి ఎందుకని అడిగారు. నన్నడిగితే తప్పు పంటది కాదు, రోటావేటర్‌ది.

నమ్మకం లేకపోతే పార తీసుకుని చేలో అడుగున్నర లోతు గుంట తవ్వండి. గుంట గోడను పైనుంచి కిందికి చాకు మొనతో పొడుస్తూ రండి. నాలుగైదు అంగుళాల దాకా సులువుగా దిగుతుంది. ఆ కింద టక్కున ఆగుతుంది. అక్కడి పెళ్ళ పలకలుగా విరుగుతుంది, వేళ్ళు అక్కడిదాకా దిగి పక్కకు తిరిగి ఉంటాయి. అదే గట్టిపొర. ఏటా ఒకే లోతులో తిరిగే బ్లేడ్లు అడుగు మట్టిని రుద్ది నున్నగా చేస్తాయి, తడిలో తిప్పితే మరీనూ. పైమట్టేమో పిండయిపోయి మొదటి వానకే అట్టకడుతుంది. మట్టి పిండిలా ఉంటేనే మంచి దుక్కి అని ఎవరు మొదలెట్టారో గానీ, విత్తనానికి మెత్తదనం కావలసింది సాలు మేరకే.

పొర పగలాలంటే సబ్‌సాయిలర్, అంటే మట్టిని తిరగెయ్యకుండా లోతుగా చీల్చే ఇనుప కొర్రు, దించాలి. లోతు పొర అడుగుకంటే రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉంటే చాలు. అంతకు మించితే డీజిల్ దండగ. ఆ లోతున నేల ఎండి ఉండాలి. తడిగా ఉంటే పొర పగలదు, గాడి ఒక్కటే పడుతుంది. వెంటనే మళ్ళీ రోటావేటర్ తిప్పారో, కథ మొదటికొస్తుంది.

తెరుచుకున్న దారిని నిలిపేది వేళ్ళే. ఇక్కడే మీ మార్పిడిలో లోపముంది. పెసర వేరు లోతుకు పోదు. మూడేళ్ళకోసారైనా కందో ఆముదమో పడాలి, వాటి తల్లివేరు కుళ్ళిన చోట నీటికి గొట్టం మిగులుతుంది. పెసర నత్రజని ఇస్తుంది నిజమే, కానీ చాలా భాగం గింజతోనే పోతుంది. మొక్కను పీకి కట్టలు కట్టి తీసుకుపోతే మిగిలేది ఇంకా తక్కువ.

టమాటా, తర్వాత మిరప, ఆపైన వంగ వేసి పంట మార్చామనేవాళ్ళకు వేరే జవాబు రాయాలి. మూడూ ఒకే కుటుంబం. నేలలోని ఎండుతెగులు బ్యాక్టీరియాకు అది వరుస విందు.

మొక్కజొన్న మోళ్ళు తగలబెట్టకండి. అలాగని దుక్కిలో కలిపి వెంటనే విత్తనమూ వేయకండి. కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాక్కుంటాయి, పైరు పసుపెక్కుతుంది. ముక్కలు చేసి పైనే పరిచి, సాళ్ళ మధ్య విత్తుకోవచ్చు.