వీసా గడువు అయిపోతే అమ్మాయి అక్కడ అక్రమంగా ఉన్నట్టా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్ చేసి, స్టెమ్ ఓపీటీ మీద ఉద్యోగం చేస్తోంది. పాస్‌పోర్టులో వీసా మే నెలతో అయిపోతుంది, ఓపీటీ జూలై దాకా ఉందట. ఈసారి హెచ్-1 లాటరీలో పేరు వచ్చింది, కంపెనీ పిటిషన్ వేసింది. జూన్‌లో అన్న పెళ్లికి రమ్మంటే రానంటోంది. వీసా లేకుండా అక్కడ ఉండటం తప్పు కాదా? ఈలోగా ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి ‘జీసీ ప్రాసెస్‌లో ఉంది, సిటిజన్‌షిప్ కూడా వచ్చేస్తుంది’ అంటున్నారు. ఈ మాటలేవీ మాకు అంతుపట్టడం లేదు.

జవాబు: ముందుగా ఒక మాట. పెళ్లికి రాననడంలో మీ అమ్మాయి తప్పేమీ లేదు. లెక్క తెలిసే అంటోంది.

వీసా అంటే పాస్‌పోర్టులో అంటించిన ఆ స్టిక్కరు. అమెరికా గడప దాకా వెళ్లి, లోపలికి రానివ్వమని అడగడానికే అది పనికొస్తుంది. రానివ్వాలా వద్దా అన్నది ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ అధికారి తేలుస్తారు. రానిచ్చాక ఏ హోదాలో, ఎప్పటిదాకా ఉండొచ్చన్నది ఐ-94 అనే రికార్డులో పడుతుంది. ఆ హోదానే స్టేటస్ అంటారు. లోపల ఉన్నవాళ్లకు అసలు ముఖ్యమైనది అదే. స్టేటస్ సరిగ్గా ఉంటే స్టిక్కరు గడువు దాటినా ఫరవాలేదు. స్టేటస్ పోతే స్టిక్కరు ఇంకో రెండేళ్లున్నా ఉపయోగం లేదు.

స్టూడెంట్లకు ఐ-94లో తేదీ బదులు ‘డి/ఎస్’ అని వేయడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. చదువూ, దాని వెంట వచ్చే ఓపీటీ నిబంధనల ప్రకారం సాగినంత కాలం ఉండొచ్చని దాని అర్థం. దాన్ని తీసేసి తేదీ పెట్టాలని 2025 ఆగస్టులో ప్రతిపాదన వచ్చింది కాబట్టి, తన ఐ-94 డౌన్‌లోడ్ చేసి ఏముందో ఒకసారి చూసుకోమనండి. అయిదు నిమిషాల పని.

ఓపీటీ వీసా కాదు. ఎఫ్-1 అనే స్టూడెంట్ స్టేటస్‌లోనే ఉంటూ, చదివిన రంగంలో పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి. మామూలుగా 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) డిగ్రీ అయితే మరో 24. మీ అమ్మాయి ఆ చివరి నెలల్లో ఉంది.

ఇక హెచ్-1బి. మీరు హెచ్-1 అన్నది ఇదే, కంపెనీ తరఫున వచ్చే ఉద్యోగ స్టేటస్. ఏటా మామూలు కోటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. లాటరీలో పేరు రావడమంటే పిటిషన్ వేసుకునే అవకాశం రావడమే, హెచ్-1 వచ్చేసినట్టు కాదు. ఆమోదం దొరికితే అక్టోబరు 1 నుంచి అమల్లోకి వస్తుంది. మరి జూలై నుంచి అక్టోబరు దాకా? ఎఫ్-1 నుంచి హెచ్-1కు స్టేటస్ మార్పు కోరుతూ ఓపీటీ గడువులోగా పిటిషన్ పడితే, ఆ మధ్యకాలానికి స్టేటస్, పని అనుమతి రెండింటికీ దానంతటదే పొడిగింపు వస్తుంది. దాన్నే క్యాప్-గ్యాప్ అంటారు.

అసలు చిక్కు ఇక్కడే. స్టేటస్ మార్పు పెండింగులో ఉండగా దేశం దాటితే, ఆ మార్పు కోరిక వదులుకున్నట్టే లెక్క. అప్పుడు ఇక్కడి అమెరికా కాన్సులేట్‌లో హెచ్-1 స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో కొత్త వీసా స్టిక్కరు, చేయించుకునే వెళ్లాలి. దానికితోడు 2025 సెప్టెంబరులో వచ్చిన అధ్యక్ష ప్రకటన, దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1 పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపు పెట్టింది. పోనీ ఎఫ్-1 మీదే తిరిగి వెళ్దామంటే, పాత స్టిక్కరు అప్పటికే మేలో అయిపోయి ఉంటుంది. ఓపీటీ నెల మిగిలి, హెచ్-1 పిటిషన్ నడుస్తున్న మనిషి వీసా ఆఫీసర్ ముందు నిలబడి ‘నేను ఇండియాకు వెనక్కి వచ్చేస్తాను’ అని ఎలా నమ్మిస్తుంది? ప్రయాణం మీద చివరి మాట కంపెనీ లాయరుది. నేనైతే పెళ్లి వీడియో కాల్‌లో చూడమనే అంటాను.

సంబంధం సంగతికి వస్తే, ‘జీసీ ప్రాసెస్‌లో ఉంది’ అన్న మాట విని మురిసిపోకండి. జీసీ అంటే గ్రీన్ కార్డు, అక్కడ శాశ్వతంగా ఉండేందుకు ఇచ్చే అనుమతి. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డుకు సాధారణంగా మూడు మెట్లు: కార్మిక శాఖ దగ్గర పెర్మ్ అనే ధ్రువీకరణ, తర్వాత కంపెనీ వేసే ఐ-140 పిటిషన్, చివర గ్రీన్ కార్డు కోసం తను పెట్టుకునే ఐ-485 దరఖాస్తు. నిన్న మొన్న పెర్మ్ మొదలుపెట్టినవాళ్లూ ప్రాసెస్‌లో ఉన్నట్టే, పన్నెండేళ్లుగా వరుసలో ఉన్నవాళ్లూ ప్రాసెస్‌లో ఉన్నట్టే. కాబట్టి మొహమాటపడకుండా అడగండి: ఐ-140 అప్రూవ్ అయిందా, ప్రయారిటీ డేట్ ఎంత, ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో ఏ కేటగిరీ, ఈబీ-2నా ఈబీ-3నా?

ప్రయారిటీ డేట్ అంటే వరుసలో ఆయన చోటు. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి ఉంది. అది పుట్టిన దేశాన్ని బట్టే, ఇప్పుడున్న పౌరసత్వాన్ని బట్టి కాదు. ప్రతి నెలా వచ్చే వీసా బులెటిన్‌లో 2025 అంతా ఇండియా ఈబీ-2 తుది తేదీలు 2012, 2013 మధ్యే కదిలాయి. అంటే, ఆ తేదీకి ముందు వరుసలో చేరినవాళ్లకే కార్డు. అబ్బాయి డేట్ 2021 అయితే ఎంత దూరమో మీరే చూసుకోండి. అలాగని సంబంధం వద్దనుకోనక్కర్లేదు. ఐ-140 అప్రూవ్ అయి వరుసలో ఉన్నవాళ్లకు, హెచ్-1 మామూలు గడువైన ఆరేళ్లు దాటాక కూడా పొడిగిస్తారు.

సిటిజన్‌షిప్ ఇంకా తర్వాతి మాట. గ్రీన్ కార్డు వచ్చాక మామూలుగా అయిదేళ్లు ఉండాలి, అందులో కనీసం 30 నెలలు స్వయంగా అక్కడే ఉండాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది, మన చట్టంలో రెండు పౌరసత్వాలు లేవు. తర్వాత భారత ప్రభుత్వం దగ్గర తీసుకునే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డును చాలామంది రెండో పౌరసత్వం అనుకుంటారు. దానితో వీసా లేకుండా రావచ్చు, ఉండొచ్చు. ఓటు మాత్రం ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు.

సంబంధం కుదిరితే తేదీ విషయంలో ఒక జాగ్రత్త. అబ్బాయికి గ్రీన్ కార్డు చేతికి రాకముందే పెళ్లయితే, భార్యగా మీ అమ్మాయికి కూడా ఆయన ప్రయారిటీ డేటే వర్తిస్తుంది. వచ్చాక పెళ్లయితే ఆమె కోసం వేరే కుటుంబ పిటిషన్ వేసి, వేరే వరుసలో నిలబడాలి. ఆయన ఐ-485 దాకా వచ్చి ఉంటే, ముహూర్తం పెట్టించే ముందు ఈ ఒక్క సంగతి లాయరుతో మాట్లాడి తేల్చుకోండి.