‘ఎలాగూ చేయిస్తున్నాం కదా’

ప్రశ్న: మాది అనంతపురం. భార్యాభర్తలం ఇద్దరం ఉద్యోగులమే. చేతికి నెలకు 92 వేలు వస్తుంది. పాత ఇంటిపైన రెండు గదులు వేయిస్తూ, కింద వంటగది, స్నానాల గది కొత్తగా చేయించుకుంటున్నాం. 2025 ఆగస్టులో మొదలుపెట్టినప్పుడు 18 లక్షలు, ఐదు నెలలు అన్నారు. తొమ్మిది నెలలైంది, 20 లక్షలు అయిపోయాయి. ఇంకో ఆరు లక్షలు కావాలని మేస్త్రీ అంటున్నారు. గృహరుణం వాయిదా 21 వేలు. పాప ఇంటర్ పరీక్షలు రాసింది. తన ఇంజినీరింగు చదువుకని ఐదు లక్షలు డిపాజిట్ చేశాం. 120 గ్రాముల నగలున్నాయి. తెలిసినవాళ్లు రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. ఈ దుమ్ముకు మా అత్తగారికి ఆయాసం ఎక్కువైంది. డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? పని ముగిసేదాకా అద్దె ఇంటికి మారాలా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం కన్నా, దాంతోపాటు పంపిన నోటుపుస్తకం పేజీల ఫొటోలే నాకు ఎక్కువ సంగతులు చెప్పాయి. వంటగది సింకు ఖర్చు ఒకే వరుసలో మూడుసార్లు రాసి ఉంది. మొదట 6,500. అది కొట్టేసి 9,000. దాన్నీ కొట్టేసి, వేరే చేతిరాతలో 14,000. పక్కన చిన్న అక్షరాలతో ‘ఎలాగూ చేయిస్తున్నాం కదా’ అని ఉంది. వంటగట్టు రాయికీ, వీధి తలుపుకూ ఇదే కథ. అనుకున్న దానికన్నా మీ ఖర్చు పెరగడంలో సిమెంటు, ఇనుము ధరల పాత్ర కొంతే. మిగిలినదంతా ఈ ‘ఎలాగూ’ చేసిన పనే. మా ఇంటిపైన గదులు వేసినప్పుడు నేనూ ఈ మాటకు లొంగినవాణ్నే కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. బియ్యం డబ్బాలో ఇటుక పొడి తేలిన రోజున కూడా నేను బాల్కనీకి ఏ రంగు వేయించాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

అందుకే ముందు ఆ ఆరు లక్షలను విడదీద్దాం. మీ పేజీల ప్రకారం పై గదుల ప్లాస్టరింగు, గచ్చు, కిటికీలు, వైరింగు, మెట్లకు పిట్టగోడ, స్లాబు మీద నీరు దిగకుండా పూత, కింద వంటగది, స్నానాల గదిలో మిగిలిన పని, అన్నీ కలిపి 3 లక్షల 40 వేలు. ఇవి ఆపడానికి వీల్లేదు. పిట్టగోడ లేని మెట్లున్న ఇంట్లో పెద్దావిడను ఉంచుకుని రోజులు నెట్టలేరు. పూత వేయకుండా వదిలేసిన స్లాబు వానాకాలంలో కింది గదులను కూడా పాడుచేస్తుంది. టేకు వీధి తలుపుకు 85 వేలు, ఫాల్స్ సీలింగుకు 70 వేలు, ముందువైపు ఎలివేషన్‌కు లక్షా 5 వేలు రాశారు. ఈ 2 లక్షల 60 వేల పనులు రెండేళ్లు ఆగినా ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. ఉన్న తలుపుకు రంగు వేయించండి.

మేస్త్రీ అంచనా కాగితం మీద తేదీ 2025 ఆగస్టు అని ఉంది. ఆ తరవాత, సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మిగిలిన బస్తాలకు పాత ధరే రాశారేమో ఒకసారి అడగండి.

ఇప్పుడు 3 లక్షల 40 వేల సంగతి. రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, నిజానికి అది ఏడాదికి 24 శాతం. నెలకు 6,800 చొప్పున ఏడాదికి 81,600 కడతారు. అసలు మాత్రం ఒక్క రూపాయి తరగదు. అదే మీ గృహరుణం ఉన్న బ్యాంకులో టాప్-అప్, అంటే ఉన్న గృహరుణం మీదే అదనపు అప్పు, తీసుకున్నారనుకుందాం. వడ్డీ 9 శాతం, గడువు పదిహేనేళ్లు అనుకుంటే వాయిదా 3,450 దాకా వస్తుంది. మీరు అంతే కట్టి ఊరుకోవద్దు. వడ్డీ వ్యాపారికి కట్టడానికి సిద్ధపడిన 6,800కు ఇంకో రెండు వందలు చేర్చి నెలకు 7,000 కట్టండి. సుమారు 61 నెలల్లో అసలుతో సహా తీరిపోతుంది. మారే వడ్డీరేటు మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీర్చినా బ్యాంకు జరిమానా వేయకూడదు. టాప్-అప్‌కూ అదే వర్తిస్తుందని ఒప్పందంలో రాసి ఉందో లేదో చూసుకుని సంతకం పెట్టండి. రుణంతోపాటు బీమా పాలసీ కూడా తీసుకోవాలని కౌంటరులో ఒత్తిడి చేస్తే, అది తప్పనిసరి కాదని నెమ్మదిగా చెప్పండి. పాత వాయిదాతో కలిపి మీ మీద నెలకు 28 వేలు పడుతుంది, అంటే చేతికొచ్చే డబ్బులో మూడో వంతు లోపే.

పై అంతస్తుకు నగరపాలక సంస్థ ప్లాను మంజూరు కాగితం బ్యాంకు అడుగుతుంది. అది లేకపోతే టాప్-అప్ అక్కడే ఆగిపోతుంది కాబట్టి బ్యాంకుకు వెళ్లకముందే వెతికి పెట్టుకోండి.

టాప్-అప్ చేతికొచ్చేలోపు కూలీల బట్వాడా ఆగకూడదు. దానికి నగలు కొన్ని మాత్రం కుదువపెట్టి లక్ష తెచ్చుకోండి, టాప్-అప్ రాగానే విడిపించండి. ఏడాది చివర వడ్డీ ఒక్కటీ కట్టి తిరగరాయించుకునే అలవాటు మన జిల్లాల్లో ఎన్ని ఇళ్ల బంగారాన్ని మింగిందో మీకు చెప్పనక్కర్లేదు.

పాప డిపాజిట్ ముట్టుకోకండి. ఈఏపీసెట్ కౌన్సెలింగు ముగిశాక కాలేజీ చెప్పిన తేదీకి ఫీజు కట్టాలి. మేస్త్రీని వారం ఆగమనవచ్చు గానీ కాలేజీ ఆగదు.

అద్దె ఇంటికి మారడం నాకు ఇష్టం లేదు. ఇంత చివరి దశలో రెండుసార్లు సామాను మోయడం, అడ్వాన్సు, అద్దె కలిస్తే మీరు వాయిదా వేయబోయే తలుపు ఖర్చులో సగం పోతుంది. కానీ మీరిప్పుడు చేస్తున్న కాపురానికీ ధర ఉంది. వరండాలో బల్ల మీద పొయ్యి పెట్టుకున్నామని రాశారు. గడచిన మూడు నెలల్లో బయటి తిండికి 19 వేలు అయినట్టు మీ లెక్కలోనే ఉంది. కాబట్టి పని వరస మార్చండి. పై గదులు పది రోజులు పక్కనపెట్టి, ముందు కింద వంటగది, స్నానాల గది పూర్తి చేయించండి. గచ్చు రాళ్లు కోసి పాలిష్ పట్టే వారాల్లో అత్తగారిని ఆడపడుచు ఇంటికి పంపండి. ఇది డబ్బు సలహా కాదు, అయినా ఆస్పత్రి బిల్లు కూడా లెక్కలోదే కదా.

ఒక్కచోట మాత్రం పొదుపు వద్దు. ఈ ఎండల్లో ట్యాంకరు ఖర్చుకు వెనకాడి కొత్త ప్లాస్టరింగును సరిగ్గా తడపకపోతే గోడలు బీటలు వారతాయి. వారం పది రోజులైనా రెండు పూటలా తడపనివ్వండి.

మేస్త్రీకి వారం వారం చేతికందినంత ఇస్తున్నట్టున్నారు. ఇకనుంచి పని వారీగా ఇవ్వండి. వంటగది అయితే ఇంత, పిట్టగోడ అయితే ఇంత అని కాగితం రాసుకుని, పదోవంతు చివరిదాకా ఆపుకోండి. బట్వాడాకు ముందు మీరిద్దరూ ఆ నోటుపుస్తకం ముందు కూర్చోండి. కొత్త ఖర్చు ఏదైనా రాసుకోవచ్చు, కానీ వారం గడిచాకే మేస్త్రీకి చెప్పాలి. ఎలివేషన్ సంగతి మీ వారు మీకు చెప్పకుండా ఒప్పుకున్నారని రాశారు. సింకు వరుసలో ఆ 14,000 ఎవరి చేతిరాతో నేను అడగను.

ఆదాయపు పన్ను మాట. కొత్త పన్ను విధానంలో ఉంటే సొంతంగా ఉంటున్న ఇంటి రుణ వడ్డీకి మినహాయింపు లేదు. ముందుముందు పై గదులు అద్దెకిస్తే, ఆ భాగానికి అయిన వడ్డీని అద్దె ఆదాయం మేరకు తగ్గించుకోవచ్చు. అందుకే పై గదుల బిల్లులు వేరే ఫైలులో పెట్టండి.

సింకు 9,000 ది చాలు.