స్పృహలో ఉన్నాడా అని అడిగితే "కళ్ళు తెరిచే ఉన్నాడండీ" అన్నాను

మీరు అడిగింది ఏంటంటే, వచ్చే వారం మీ కంపెనీలో ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ ఉంది, ముందుగా పంపిన స్లైడ్స్‌లో అన్నీ ఇంగ్లీషు పదాలే, ఒక్కటీ బుర్రకెక్కట్లేదు, అసలు ఏవి తెలిస్తే చాలు, తెలుగులో వాటిని ఏమనుకోవాలి అని. నేను డాక్టర్ని కాదండి, నర్సునీ కాదు. విజయవాడ ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పద్నాలుగేళ్ళుగా లెక్కలు, స్టోరు చూసుకుంటున్నా. వెల్డింగు, గ్రైండరు, ఇనుప రేకులు, వీటి మధ్య దెబ్బలు మాకు కొత్తేం కాదు. కానీ మా వెల్డింగ్ మేస్త్రీ బాబాయ్ విషయంలో ఒకే ఒక్క మాట నాకు సరిగ్గా తెలియకపోవడం వల్ల ఎంత పనైందో చూశాక పట్టుబట్టి నేర్చుకున్నా, రెండు రోజుల ట్రైనింగ్ కూడా చేశా. అది చెప్తే మీ ప్రశ్నకి సగం జవాబు వచ్చేసినట్టే.

మే నెల, మధ్యాహ్నం మూడు అయ్యుంటుంది. సాయంత్రానికి ఒక బండి డెలివరీ ఇవ్వాలి, బాబాయ్ పొద్దున షుగర్ మాత్ర వేసుకున్నాడు గానీ క్యారేజీ విప్పలేదు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు హెల్పర్ కుర్రాడి మీద ఊరికే అరవడం మొదలెట్టాడు, ఏం మాట్లాడుతున్నాడో పొంతన లేదు, చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయింది, అలాగే ఛాసిస్ పట్టుకుని కిందకి జారిపోయాడు. ఎండ కదా, అందరం వడదెబ్బే అనుకున్నాం. ఒకళ్ళు ఫిట్స్ అని చేతిలో తాళాల గుత్తి పెట్టారు, ఇంకొకళ్ళు అరికాళ్ళు రుద్దుతున్నారు, నేను 108కి ఫోన్ చేశా. అటువైపు అమ్మాయి మొదట అడిగింది "పేషెంట్ స్పృహలో ఉన్నారా?" అని. నేను "ఉన్నాడండీ, కళ్ళు తెరిచే ఉన్నాడు" అన్నా. ఆ అమ్మాయి మళ్ళీ "పేరు పెట్టి పిలవండి, పలుకుతున్నారా?" అంది. వెనక్కి తిరిగి చూసేసరికి పక్క షెడ్డాయన బాబాయ్ తల ఎత్తి నోట్లో నిమ్మకాయ సోడా పోస్తున్నాడు. బాబాయ్ మింగట్లేదు. సోడా పెదాల పక్క నుంచి కారుతోంది, గొంతులో గరగరమని చప్పుడు, కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎవర్నీ చూడట్లేదు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఫోన్లో ఆ అమ్మాయి "నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి" అని రెండుసార్లు గట్టిగా చెప్తే అప్పుడు ఆపించా.

అంబులెన్స్ వచ్చాక వాళ్ళ టెక్నీషియన్ వేలు గుచ్చి చూస్తే షుగర్ 38. నరానికి గ్లూకోజ్ ఎక్కించారు, కాసేపటికే మనిషి లేచి నన్నెందుకు పడుకోబెట్టారు అని అడిగాడు. అంటే అసలు జబ్బు అక్కడికక్కడే తగ్గిపోయింది. కానీ ఊపిరితిత్తుల్లోకి పోయిన సోడా వల్ల జ్వరం, దగ్గు, నిమోనియా, వారం రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. దాన్నే ఆస్పిరేషన్ అంటారు, మీ స్లైడ్స్‌లో ఉండే ఉంటుంది, కడుపులోకి పోవాల్సింది ఊపిరితిత్తుల్లోకి పోవడం.

అందుకే మొట్టమొదట నేర్చుకోవాల్సిన పదం స్పృహ అంటాను. ఇంగ్లీషులో రెస్పాన్సివ్, అన్‌రెస్పాన్సివ్ అంటారు, అంటే పలుకుతున్నాడా లేదా అని. కళ్ళు తెరిచి ఉండటం స్పృహ కాదు. దీన్ని కొలవడానికి ఏవీపీయూ అని ఒకటి చెప్తారు, నాలుగు మెట్లు అనుకోండి. ఎలర్ట్ అంటే మనల్ని చూసి మాట్లాడుతున్నాడు. వాయిస్ అంటే పిలిస్తేనే పలుకుతున్నాడు. పెయిన్ అంటే పిలిస్తే పలకడు గానీ నొప్పి తగిలితే కదులుతాడు, మూలుగుతాడు. అన్‌రెస్పాన్సివ్ అంటే ఏం చేసినా ఉలుకూ పలుకూ లేదు. మెలకువగా ఉండి తనంతట తాను గ్లాసు పట్టుకుని మింగగలిగితేనే నోటికి ఏదైనా ఇవ్వాలి. ఆ రోజు బాబాయ్ అరుస్తున్నప్పుడే, అంటే పడిపోకముందే, మూడు చెంచాల పంచదార నీళ్ళల్లో కలిపి తాగించి ఉంటే సరిపోయేదని డాక్టర్ గారు చెప్పారు. హైపోగ్లైసీమియా అన్న పదం చూసి భయపడకండి, "షుగర్ పడిపోవడం" అంతే, 70 కన్నా తగ్గితే అలా అంటారు. చెమటలు, వణుకు, పొంతన లేని మాటలు, ఊరికే కోపం. మనవాళ్ళు "ఆయనకి షుగర్ వచ్చింది" అంటే అది వేరు, అది డయాబెటిస్.

రెండో పదం ఊపిరి. ఇక్కడ కూడా పెద్ద మోసం ఉంది. మన పెద్దవాళ్ళు ఎగఊపిరి అంటారు చూడండి, నోరు తెరిచి ఆగి ఆగి గాలి కోసం ఎగబీల్చినట్టు, గుటక వేసినట్టు. ట్రైనింగ్‌లో దాన్నే అగోనల్ బ్రీతింగ్ అన్నారు, వినగానే ఓహో ఎగఊపిరా అని నాకు చప్పున అర్థమైపోయింది. అది ఊపిరి కింద లెక్క కాదు. మనిషి పలక్కుండా ఎగఊపిరి తీస్తుంటే "ఊపిరి ఉందిలే" అనుకుని ఆగకూడదు, గుండె ఆగిపోయిందనే అనుకుని 108కి చెప్పి సీపీఆర్ మొదలెట్టాలి. ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నోట్లో ఊపిరి ఊదడం నేర్చుకున్నవాళ్ళైతే 30 నొక్కులకి 2 ఊదులు, రానివాళ్ళు నొక్కుతూ ఉంటే చాలు. ఏఈడీ అని డబ్బా ఉంటుంది, గుండెకి కరెంటు ఇచ్చే మెషీను, స్విచ్ వేస్తే ఏం చెయ్యాలో అదే చెప్తుంది, మీ ఆఫీసులో ఉందేమో ముందే కనుక్కోండి.

పలకట్లేదు గానీ ఊపిరి మామూలుగానే ఉంది అంటే రికవరీ పొజిషన్, అంటే పక్కకి తిప్పి పడుకోబెట్టడం, నాలుక వెనక్కి పడకుండా, వాంతి వస్తే బయటకి పోయేలా. ఫిట్స్ తగ్గాక కూడా ఇదే. తాళాలు, ఇనుప ముక్కలు చేతిలో పెడితే ఫిట్స్ తగ్గవండి, వాటి టైం అయ్యాక అవే తగ్గుతాయి, ఆ టైంకి మన తాళాలు చేతిలో ఉంటాయి కాబట్టి పేరు తాళాలకి వస్తుంది. పళ్ళ మధ్య చెంచా అస్సలు పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటితే 108.

ఇక మనం ఒకే మాటతో నాలుగింటిని కలిపేసే పదాలు కొన్ని ఉన్నాయి, నాకు వాటితోనే ఎక్కువ తంటా అయ్యింది. స్ట్రోక్ అన్న మాట తీసుకోండి. మన దగ్గర "ఆయనకి స్ట్రోక్ వచ్చిందంట" అంటే సగం మంది గుండె అనుకుంటారు, హార్ట్ స్ట్రోక్ అని కూడా అంటారు. స్లైడ్స్‌లో ఉత్తగా స్ట్రోక్ అని ఉంటే అది మెదడుది, పక్షవాతం. నవ్వమంటే మూతి ఒక పక్కకి పోతుంది, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి దిగిపోతుంది, మాట ముద్దగా వస్తుంది. ఎన్నింటికి మొదలైందో టైం గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. హీట్ స్ట్రోక్ అంటే ముదిరిన వడదెబ్బ. తలనొప్పి, కళ్ళు తిరగడం, నీరసం వరకూ ఉంటే నీడకి తీసుకెళ్ళి ఓఆర్‌ఎస్ పట్టిస్తే కోలుకుంటారు, అది హీట్ ఎగ్జాషన్. ఒళ్ళు కాలిపోతూ, 104 డిగ్రీలు దాటి, మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టకపోతే అది హీట్ స్ట్రోక్, అంబులెన్స్ వచ్చేదాకా ఒంటి మీద నీళ్ళు పోస్తూ ఫ్యాన్ పెట్టాలి. మన బెజవాడ ఎండల్లో ఈ తేడా ప్రతి ఇంట్లో తెలియాలి అంటాను.

హార్ట్ ఎటాక్, కార్డియాక్ అరెస్ట్ రెండూ పేపర్లో గుండెపోటే అని వస్తాయి. ఎటాక్ అంటే గుండెకి రక్తం పోయే గొట్టం మూసుకుపోయింది, మనిషి గుండె పట్టుకుని మాట్లాడుతూనే ఉండొచ్చు, కదలనివ్వకుండా కూర్చోబెట్టి 108 పిలవాలి. అరెస్ట్ అంటే గుండె కొట్టుకోవడమే ఆగిపోయింది, సీపీఆర్ దీనికే. మొదటిది ముదిరి రెండోది అవ్వొచ్చు.

షాక్ అంటే కరెంట్ షాక్ కాదు, వార్త విని షాకవ్వడం కూడా కాదు. రక్తం బాగా పోయో ఇంకేదో కారణానికో ఒంట్లో రక్తప్రసరణ పడిపోవడం. ఒళ్ళు చల్లబడి, చెమట పట్టి, పాలిపోయి, నాడి వేగంగా సన్నగా కొట్టుకుంటుంది. గ్రైండర్ తెగి ఒక కుర్రాడికి తొడ కోసుకుపోయినప్పుడు ఇది కళ్ళారా చూశా, శుభ్రమైన గుడ్డ పెట్టి వదలకుండా గట్టిగా అదిమి పట్టుకోవడమే ఆ రోజు మేము సరిగ్గా చేసిన పని.

కాలిన గాయాల్లో ఫస్ట్ డిగ్రీ అంటే అన్నిటికన్నా పెద్దది అనుకుంటారు చాలామంది, తలకిందులు అది. ఫస్ట్ అంటే పైపైన ఎర్రబడింది, సెకండ్ అంటే బొబ్బలెక్కింది, థర్డ్ అంటే చర్మం లోతు మొత్తం కాలిపోయింది, నరాలు కూడా కాలడంతో అక్కడ నొప్పి తెలియకపోవచ్చు, నొప్పి లేదంటున్నాడు కదా అని ఊరుకోకూడదు. ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టండి, ఐస్ వద్దు, పేస్ట్ వద్దు, ఇడ్లీ పిండి వద్దు, బొబ్బలు చిదమొద్దు.

ఓపెన్ ఫ్రాక్చర్, పాతవాళ్ళు కాంపౌండ్ ఫ్రాక్చర్ అంటారు, ముక్కలు ముక్కలైందని కాదు, విరిగిన చోట చర్మం కూడా తెగి గాయమైందని. ఎముక బయటకొస్తే దాన్ని లోపలికి నెట్టకుండా శుభ్రమైన గుడ్డ కప్పి, కదలకుండా బద్ద కట్టి ఆస్పత్రికే తీసుకెళ్ళాలి, పుత్తూరు కట్టుకి కాదు. బద్దనే స్ప్లింట్ అంటారు. స్ప్రెయిన్ అంటే బెణుకు.

చోకింగ్‌కి మాత్రం మన భాషలో చక్కటి తేడా ఉంది. పొలమారడం వేరు, గొంతుకి అడ్డం పడటం వేరు. పొలమారినవాడు దగ్గుతాడు, దగ్గనివ్వండి, ఎవరో తలుచుకుంటున్నారని మాడు మీద తట్టి నీళ్ళు పట్టించక్కర్లేదు. అడ్డం పడినవాడు దగ్గలేడు, మాట రాదు, గొంతు పట్టుకుంటాడు. ముందుకి వంచి వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య ఐదు దెబ్బలు, తర్వాత వెనక నుంచి పట్టుకుని బొడ్డుకి పైన ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కడం, దాన్నే హీమ్లిక్ అంటారు, 1974లో బయటపెట్టిన డాక్టర్ పేరు అది. ఏడాది లోపు పిల్లలకి పొట్ట నొక్కకూడదు, పద్ధతి వేరే, ట్రైనర్‌ని అడిగి బొమ్మ మీద చేయించుకోండి.

గుడ్ సమారిటన్ అని కూడా ఒక స్లైడ్ ఉంటుంది. రోడ్డు మీద దెబ్బలు తగిలినవాళ్ళకి సాయం చేసినవాళ్ళని కేసుల్లో ఇరికించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. వారధి మీద బండి పడితే ఆగకుండా పోయేవాళ్ళకి ఇది చెప్పండి.

మా షెడ్డులో ఇప్పుడు స్విచ్ బోర్డు పక్కన ఒక అట్ట వేలాడుతుంది, దాని మీద మార్కరుతో రాశా, 108కి చెప్పాల్సినవి: ఏ రోడ్డు, గుర్తు ఏంటి, పిలిస్తే పలుకుతున్నాడా, ఊపిరి మామూలుగా ఉందా, రక్తం పోతోందా, షుగరు ఉందా. జబ్బు పేరు మనం చెప్పక్కర్లేదు, కనిపించింది చెప్తే వాళ్ళకి చాలు. మీరు కూడా ట్రైనింగ్‌కి వెళ్ళే ముందు ఇలాంటిది ఒకటి మీ ఫ్లోరుకి రాసి పెట్టుకోండి. ట్రైనర్ సీపీఆర్ బొమ్మ తెస్తే చూసి వచ్చెయ్యకుండా రెండు నిమిషాలు ఆపకుండా నొక్కి చూడండి, చేతులు ఎంత లాగేస్తాయో తెలుస్తుంది, మార్చుకోవడానికి పక్కన ఇంకో మనిషి ఎందుకు కావాలో అప్పుడు అర్థమవుతుంది. స్లైడ్స్‌లో ఇంకేదైనా పదం అర్థం కాకపోతే ఇక్కడే కింద రాయండి, నాకు తెలిసినంతవరకు చెప్తా.