గ్రిషమ్ అయిపోయాక ఎవరిని చదవాలి?

ప్రశ్న: జాన్ గ్రిషమ్ నవలలు దొరికినవన్నీ చదివేశాను. కోర్టు కథల్లో ఉండే ఆ టెన్షన్ ఇంకెక్కడా దొరకడం లేదు. కొత్త రచయితల్ని ఎలా వెతుక్కోవాలి? తెలుగులో ఎవరైనా ఉన్నారా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, పుస్తకం చేతిలోకి తీసుకోగానే కథేమిటని కాకుండా, రాసినాయన అంతకుముందు ఏం పని చేశాడో చూడండి. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో చాలా ఏళ్లు ప్రాక్టీసు చేశాను. కేసు పిలిచేదాకా వరండాలో కూర్చుని ఇలాంటి నవలలే చదివేదాన్ని. సాక్షి తడబడ్డాక ఇంకో ప్రశ్న అడగాలా, అక్కడితో ఆపాలా అని లాయరుకు చెమటలు పట్టే క్షణం ఒకటుంటుంది. కోర్టులో నిలబడినవాళ్లు దాన్ని రాస్తే ఇట్టే తెలిసిపోతుంది.

అందుకే ముందు స్కాట్ టురోను చదవమంటాను. షికాగోలో ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వం తరఫున కేసులు వాదించే లాయరుగా చేశారు. ఆయన 'ప్రిజ్యూమ్డ్ ఇన్నోసెంట్' 1987లో వచ్చింది, గ్రిషమ్ మొదటి నవలకు రెండేళ్ల ముందు. హత్య కేసులో ముద్దాయిగా నిలబడేది ఒక ప్రాసిక్యూటరే. నడక నిదానం, కానీ విచారణ మొదలయ్యాక పుస్తకం కింద పెట్టలేరు. ఇంకా పాతది కావాలంటే, 1958 నాటి 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్'. రాబర్ట్ ట్రేవర్ అన్నది కలం పేరు. అసలాయన జాన్ వోల్కర్, మిషిగన్ సుప్రీంకోర్టు జడ్జి.

ఈ అమెరికా నవలల్లో లాయర్ల చూపు జడ్జి మీద కన్నా, ముద్దాయి దోషా కాదా తేల్చే మామూలు జనం గుంపు, జ్యూరీ మీదే ఎక్కువ. మన దగ్గర, భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ అధికారి నానావతి కేసులో 1959లో బొంబాయి జ్యూరీ నిర్దోషి అంటే, హైకోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత మన కోర్టుల్లో జ్యూరీ కనుమరుగైంది. చట్టం చదవని 12 మందిని మాటలతో ఒప్పించడం మనకు కొత్త కాబట్టే ఆ వాదనలు అంత ఉత్కంఠగా అనిపిస్తాయి.

వేగమే ముఖ్యమైతే మైకేల్ కానెలీ 'ది లింకన్ లాయర్' తీసుకోండి. ఈయన లాయరు కాదు, ఒకప్పటి క్రైమ్ రిపోర్టరు. అయినా బెయిలు బేరాలూ, క్లయింట్ల అబద్ధాలూ బాగా పట్టుకున్నారు.

నా మనసుకు బాగా దగ్గరైనవాడు మాత్రం జర్మనీ రచయిత ఫెర్డినాండ్ ఫాన్ షిరాఖ్. బెర్లిన్‌లో డిఫెన్స్ లాయరుగా చేశారు. ఆయన 'క్రైమ్' కథల్లో ఎవరు చేశారన్నది పెద్ద ప్రశ్న కాదు. చేసిన మనిషిని ఏం చేయాలన్నది ప్రశ్న. పొడి పొడి మాటలు, చిన్న కథలు, రాత్రి నిద్ర పట్టనివ్వవు.

తెలుగులో లేకేమమ్మా! యండమూరి 'అభిలాష' ఉంది, ఉరిశిక్ష రద్దు కావాలని తపించే కుర్ర లాయరు కథ. బీనాదేవి 'హేంగ్ మీ క్విక్' ఉంది. అన్నిటికన్నా ముందు రావిశాస్త్రి. విశాఖలో లాయరుగా పనిచేసిన మనిషి. 'ఆరు సారా కథలు'లో 'మాయ' చదవండి. థ్రిల్లర్ కాదు. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ ఒక కుర్ర ప్లీడరుకు పోలీసుల గురించీ కోర్టుల గురించీ చెప్పే మాటల ముందు ఏ క్రాస్ ఎగ్జామినేషనూ నిలవదు.

తెలుగు పుస్తకాలకు కాచిగూడ నవోదయ బుక్ హౌస్‌లో అడగండి. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో కూడా వెతకండి. ఇంగ్లీషువాటికి ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు వెళ్లండి. పాత పుస్తకాలు కదా, డబ్బులిచ్చే ముందు చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి.