ఓచరుతో వచ్చినవారికి ఇల్లు అద్దెకు ఇవ్వనంటే కుదురుతుందా?

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా టౌన్‌హౌస్‌ను కరెంటు, గ్యాస్‌తో కలిపి నెలకు 2,400 డాలర్లకు అద్దెకు పెట్టాను. ఇద్దరు పిల్లలున్న ఒకావిడ సెక్షన్ 8 ఓచర్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయం) ఉందంటూ వచ్చారు. డల్లాస్‌లో ఉండే మా బావగారు ‘ఇవ్వనని చెప్పెయ్, ఎవరూ అడగరు’ అంటున్నారు. ఇస్తే అద్దె ఎవరు కడతారు? పైన 150 డాలర్లు విడిగా తీసుకోవచ్చా?

జవాబు: మీ బావగారు చెప్పింది టెక్సాస్ సంగతి. ఓచరుదారులను నిరాకరించకుండా నగరాలు నిబంధనలు పెట్టడాన్నే ఆ రాష్ట్రం 2015లో చాలావరకు అడ్డుకుంది. న్యూజెర్సీ వివక్ష నిరోధక చట్టం మాత్రం, అద్దె సొమ్ము ఓచరు ద్వారా వస్తుందన్న ఒక్క కారణంతో ఇల్లు నిరాకరించడాన్ని వివక్షగానే చూస్తుంది. ‘సెక్షన్ 8 వద్దు’ అని ప్రకటనలో రాసినా తప్పే. పాత యజమానిని వాకబు చేయడం, అద్దె చెల్లింపుల చరిత్ర చూడడం మీ హక్కు, అయితే అందరికీ ఒకే కొలత వాడాలి.

ఇక డబ్బు విషయం. మినహాయింపులు పోను మిగిలే నెలసరి ఆదాయంలో సాధారణంగా 30 శాతం అద్దెదారు కడతారు, మిగతాది ఓచర్లు ఇచ్చే స్థానిక హౌసింగ్ ఏజెన్సీ నేరుగా మీకు పంపుతుంది. ఆవిడ లెక్కకు వచ్చే ఆదాయం 1,600 డాలర్లయి, మీ అద్దె ఏజెన్సీ నిర్ణయించిన పరిమితిలోనే ఉంటే, ఆవిడ 480, ఏజెన్సీ 1,920 చెల్లిస్తాయి. ఏజెన్సీ వాటా ఆలస్యమైందని ఆవిడను ఖాళీ చేయించడానికి వీల్లేదు.

ఆ 150 డాలర్ల ఆలోచన మానుకోండి. ‘చేతికి కొంత’ అన్నది మనవాళ్లకు మామూలు మాటే గానీ, ఏజెన్సీ ఆమోదించిన అద్దెకు మించి ఒక్క డాలరు తీసుకున్నా ఒప్పందం ఉల్లంఘించినట్టే, పైగా అది మోసం కేసుగానూ మారవచ్చు. 2,400 తక్కువనిపిస్తే, చుట్టుపక్కల అలాంటి ఇళ్ల అద్దెలు చూపి ఏజెన్సీనే అడగండి.

ఏజెన్సీ నుంచి ఆవిడ తెచ్చే దరఖాస్తు మీరు నింపి సంతకం చేశాక ఏజెన్సీ ఇంటిని తనిఖీ చేస్తుంది. మెట్ల పక్కన కదులుతున్న రెయిలింగ్, పనిచేయని స్మోక్ అలారం, గడియ పడని కిటికీ వంటివాటి దగ్గరే చాలా ఇళ్లు ఆగిపోతాయి కాబట్టి వాటిని ముందే బాగుచేయించండి. తనిఖీ నెగ్గి, ఏజెన్సీ లీజును ఆమోదించేదాకా తాళంచెవులు ఇవ్వకండి. అంతకు ముందు రోజులకు ఏజెన్సీ చెల్లించదు.